వేర్వేరు ఊళ్ల ఈపీఏబీఎక్స్‌లను కలిపితే ఏవి పనిచేస్తాయి, ఏవి పనిచేయవు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గుంటూరులో వ్యవసాయ మోటార్లు, పైపుల టోకు వ్యాపారం. విజయవాడ, ఒంగోలు, హైదరాబాద్‌లలో బ్రాంచిలు. అన్ని చోట్లా కలిపి అరవై దాకా ఫోన్లు. గుంటూరు, విజయవాడలలో ఒకే కంపెనీ ఈపీఏబీఎక్స్ (ఆఫీసు ఫోన్లను తమలో తాము, బయటి లైన్లతోనూ కలిపే పెట్టె, పీబీఎక్స్ అనీ అంటారు), ఒంగోలులో మరో కంపెనీ పాత పెట్టె, హైదరాబాద్‌లో ఈమధ్యే పెట్టిన ఐపీ పీబీఎక్స్, అంటే కంప్యూటర్ నెట్‌వర్కు మీద ఫోన్లు నడిపే సర్వర్. వీటిని ఇంటర్నెట్ మీద కలిపేస్తే నాలుగూ ఒకే ఆఫీసులా పనిచేస్తాయని సిస్టమ్ అమ్మే ఆయన అంటున్నారు. అది ఎంతవరకు నిజమని అడిగారు.

సూటిగా చెప్పాలంటే సగం నిజం. ఒక బ్రాంచి నుంచి మరో బ్రాంచికి ఎక్స్‌టెన్షన్ నంబరుతో మాట్లాడటం, కాల్ ట్రాన్స్‌ఫర్ చేయడం, హోల్డ్‌లో పెట్టడం, ముగ్గురు కలిసి మాట్లాడటం, అవతలివారి నంబరు కనిపించడం, గుంటూరు ఆపరేటర్ అందరి తరఫునా కాల్స్ తీసుకోవడం: ఇవన్నీ ఏ కంపెనీ పెట్టెల మధ్యనైనా దాదాపుగా కుదురుతాయి. ఎవరి ఫోను ఖాళీగా ఉందో దీపం చూసి తెలుసుకోవడం, పక్క బ్రాంచిలో మోగుతున్న ఫోనును ఇక్కడి నుంచి ఎత్తడం, పార్క్ చేసిన (ఎవరైనా తీసుకునేలా పక్కన నిలిపి ఉంచిన) కాల్‌ను మరో ఊళ్లో తీసుకోవడం, అవతలి ఫోను ఖాళీ కాగానే మనకు తిరిగి మోగడం, నాలుగు ఊళ్ల అమ్మకాల సిబ్బంది ఒకే గ్రూపుగా మోగడం: ఇవి వేర్వేరు కంపెనీల పెట్టెల మధ్య సాధారణంగా కుదరవు. ఒకే కంపెనీవైనా వాటి సొంత నెట్‌వర్కింగ్ లైసెన్సు కొనాలి. లేదా అన్ని ఫోన్లూ ఒకే సర్వర్ కింద ఉండాలి.

కారణం తెలిస్తే అమ్మకందారు చెప్పే ప్రతి మాటనూ మీరే తూకం వేయగలరు. రెండు పీబీఎక్స్‌లను సిప్ ట్రంకుతో, అంటే సిప్ అనే ఇంటర్నెట్ కాల్స్ పద్ధతి మీద నడిచే లింకుతో, కలిపినప్పుడు ఆ ట్రంకు మీద ప్రయాణించేది కాల్ మాత్రమే. "2205 ఇప్పుడు మాట్లాడుతున్నారు", "రెండో పార్కులో ఒక కస్టమర్ ఎదురుచూస్తున్నారు", "ఈ గ్రూపులో ముగ్గురు లాగిన్ అయి ఉన్నారు" వంటి స్థితి సమాచారం ఏ పెట్టెది ఆ పెట్టె జ్ఞాపకంలోనే ఉండిపోతుంది. గుంటూరు పెట్టె దృష్టిలో హైదరాబాద్ మేనేజరు ఒక ఎక్స్‌టెన్షన్ కాదు, ట్రంకు అవతల ఉన్న ఎవరో ఒక బయటి మనిషి. కాబట్టి ఏ సౌకర్యం గురించి విన్నా ఒకే ప్రశ్న వేసుకోండి: దీనికి కాల్ చేరితే చాలా, లేక అవతలి ఫోను స్థితి కూడా తెలియాలా? స్థితి తెలియాల్సినదైతే "అది రెండు పెట్టెల మధ్య ఎలా వెళుతుంది" అని అడగండి. సమాధానంలో తడబాటు వినిపిస్తే మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

దీపాల సంగతి. ఆపరేటర్ ఫోను పక్కన ఉండే మీటల మీద ఎరుపు, ఆకుపచ్చ దీపాలు మీకు బాగా నచ్చినట్టున్నాయి. సాంకేతికంగా ఇది 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4235 అనే ఇంటర్నెట్ ప్రమాణం ప్రకారం నడుస్తుంది. ఆపరేటర్ ఫోను "ఈ ఎక్స్‌టెన్షన్ స్థితి మారినప్పుడల్లా చెప్పు" అని తన సర్వర్ దగ్గర చందా కడుతుంది (డబ్బు కాదు, కొంత గడువుకు పేరు నమోదు చేసుకోవడం), సర్వర్ కబురు పంపుతూ ఉంటుంది. తన కింద లేని ఎక్స్‌టెన్షన్ గురించి ఆ సర్వర్‌కు ఏమీ తెలియదు. ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ ఆధారిత పీబీఎక్స్‌లు రెండైతే ఒకదాని స్థితిని మరొకదానికి ప్రకటించే ఏర్పాటు చేయవచ్చు, నేను చేసిన చోట్ల బాగానే నడుస్తోంది. కానీ ఒక చిక్కుంది. మధ్యలో ఇంటర్నెట్ ఒక నిమిషం పోయిందనుకోండి. ఆ నిమిషంలో అవతలి వ్యక్తి ఫోను పెట్టేస్తే ఆ కబురు ఇవతలికి రాదు. ఎర్ర దీపం అలాగే వెలుగుతూ ఉంటుంది, చందా గడువు తీరి మళ్లీ కట్టేదాకా. ఒక పార్సిల్ రవాణా సంస్థలో ఆపరేటరు "మేనేజరు గారు గంట నుంచి ఫోనులోనే ఉన్నారు" అని కస్టమర్లకు చెబుతూ ఉండిపోయింది, ఆయనేమో ఖాళీగా కూర్చుని కాల్స్ ఎందుకు రావడం లేదని చూస్తున్నారు. చందా గడువును అయిదు నిమిషాలకు తగ్గించాక ఆ ఫిర్యాదు ఆగింది. గడువు మరీ తగ్గించినా చిన్న పెట్టెలకు భారమవుతుంది.

ట్రాన్స్‌ఫర్ పనిచేస్తుంది, కానీ ఎలా పనిచేస్తుందో చూడండి. కస్టమర్ గుంటూరు లైనుకు చేశాడు. ఆపరేటర్ విజయవాడ గోదాముకు పంపింది. గోదాము వాళ్లు "ఇది వారంటీ విషయం" అని హైదరాబాద్ సర్వీసు విభాగానికి పంపారు. వాళ్లు బిల్లు వివరాల కోసం మళ్లీ గుంటూరు అకౌంట్స్‌కు పంపారు. ఇప్పుడు కస్టమర్, అకౌంట్స్ గుమస్తా ఇద్దరూ గుంటూరు పెట్టె మీదే ఉన్నారు. కానీ వారి మాట గుంటూరు నుంచి విజయవాడకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు, మళ్లీ గుంటూరుకు తిరిగి వస్తోంది. ఒక్క సంభాషణ మూడు ట్రంకుల మీద ఒక్కో చానల్ (ఒక కాల్‌కు పట్టే దారి) ఆక్రమించింది. మధ్యలో ఎక్కడైనా మాటను జీ.729 అనే కుదింపు పద్ధతిలోకి కుదించి మళ్లీ విప్పి ఉంటే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

దీనికి విరుగుడు ఉంది. పాత పీఆర్‌ఐ లింకుల (ఒకే తీగ మీద చాలా కాల్స్ మోసే డిజిటల్ లైన్ల) మీద క్యూసిగ్ అనే పీబీఎక్స్‌ల మధ్య భాష వాడేవారికి "పాత్ రీప్లేస్‌మెంట్" ఉండేది, అది అనవసరపు మెలికను విప్పేసి దగ్గరి దారి పట్టించేది. సిప్‌లో ఆ పనిని రెఫర్ సందేశం చేస్తుంది, అంటే మధ్యలో ఉన్న పెట్టె "నన్ను వదిలేసి మీరే నేరుగా కలుసుకోండి" అని చెప్పి తప్పుకుంటుంది. చాలా పెట్టెల్లో ట్రంకు మీద దీన్ని ఆపేసి ఉంచుతారు. ఇద్దరు వేర్వేరు కంపెనీల వాళ్లు ఒకరి రెఫర్‌ను మరొకరు సరిగా అర్థం చేసుకోకపోతే కాల్ తెగిపోతుందని భయం. ఆ భయం అబద్ధమూ కాదు. మీ దగ్గర వేర్వేరు పెట్టెలను అలాగే ఉంచితే, చానళ్ల సంఖ్యను మీ అంచనాకు రెట్టింపు పెట్టుకుని ఊరుకోవడమే మంచిది.

కాల్ రికార్డింగు కావాలనుకుంటే ఇక్కడ ఇంకో మెలిక. మాట నేరుగా ఫోను నుంచి ఫోనుకు వెళ్లిపోతే మధ్య సర్వర్‌కు వినిపించదు, వినిపించనిది రికార్డు కాదు. రికార్డింగు ఉన్న ఎక్స్‌టెన్షన్ల వరకు మాట సర్వర్ మీదుగానే పోయేలా పెట్టాలి.

ఫార్వర్డుల వలయం. నలుగురు మేనేజర్లు నాలుగు ఊళ్లలో ఎవరి ఫోను వాళ్లు ఇష్టం వచ్చినట్టు ఫార్వర్డ్ చేసుకుంటారు. విజయవాడలో ఎత్తకపోతే గుంటూరుకు, గుంటూరులో ఎత్తకపోతే విజయవాడకు అని పెట్టి ఇద్దరూ భోజనానికి వెళ్లిపోతే, ఒక్క కాల్ అటూ ఇటూ తిరుగుతూ ట్రంకులోని చానళ్లన్నీ మింగేస్తుంది. సిప్‌లో ఒక సందేశం ఎన్ని చేతులు మారవచ్చో పరిమితి ఉంది, మామూలుగా 70. కానీ పీబీఎక్స్ ప్రతిసారీ కాల్‌ను కొత్తగా పుట్టించి పంపుతుంది కాబట్టి ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ట్రంకు మీద నుంచి వచ్చిన కాల్‌ను మళ్లీ అదే ట్రంకు మీదికి ఫార్వర్డ్ చేయకూడదనే నియమం పెట్టించండి. అయిదు నిమిషాల పని.

మేనేజర్లు తమ సెల్‌ఫోనుకు ఫార్వర్డ్ చేసుకుంటే ఇంకో అసంతృప్తి ఎదురవుతుంది. సెల్‌లో కస్టమర్ నంబరు కాకుండా మీ కంపెనీ నంబరు కనిపిస్తుంది. మీ లైను మీద మీ సొంత నంబరు తప్ప వేరే నంబరును టెలిఫోన్ కంపెనీలు మామూలుగా బయటికి పంపనివ్వవు. దానికి మీ పెట్టెను తిట్టి లాభం లేదు. సెల్‌లోనే ఆఫీసు ఎక్స్‌టెన్షన్ యాప్ పెట్టుకుంటే అసలు నంబరు కనిపిస్తుంది.

నంబర్ల ప్రణాళికకే ఎక్కువ సమయం పెట్టండి. ఇప్పుడు నాలుగు చోట్లా 201 అంటే మేనేజరే అయి ఉంటారు. బ్రాంచికో అంకె ముందు తగిలించండి: గుంటూరు 2, విజయవాడ 3, ఒంగోలు 4, హైదరాబాద్ 5. పాత 201 గుంటూరులో 2201 అవుతుంది, హైదరాబాద్‌లో 5201. జనం కంఠస్థం చేసిన చివరి మూడంకెలు మారవు. ఒకటితో ఏ బ్రాంచినీ మొదలుపెట్టకండి, 100, 101, 108, 112 అక్కడే ఉన్నాయి. సున్నా, తొమ్మిది బయటి లైనుకు వదలండి.

"మా బ్రాంచిలో మేము మూడంకెలే కొడతాం, పక్క ఊరికైతే నాలుగు" అని ప్రతి చోటా ఎవరో ఒకరు పట్టుబడతారు. ఒప్పుకోకండి. 220 కొట్టగానే అది గుంటూరు లోపలి 220నా, లేక 2201 కొట్టబోతున్నారా అన్నది పెట్టెకు తెలియదు. ఇంకో అంకె వస్తుందేమోనని మూడు నాలుగు సెకన్లు ఆగుతుంది. ఫోను చచ్చిపోయిందనుకుని సిబ్బంది పెట్టేసి మళ్లీ కొడతారు. ఒక ఆదివారం చూసుకుని అందరినీ ఒకేసారి నాలుగంకెలకు మార్చండి, ప్రతి ఫోను మీదా కొత్త నంబరు చీటీ అంటించండి. వారం గొణుగుతారు, తర్వాత అలవాటు పడతారు.

బయటికి చేసే కాల్స్‌కు ఇంకో సంగతి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి సెల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలి. మీ బయటి లైను కోడ్ కూడా సున్నానే అయితే రెండు సున్నాలు కొట్టాలి. సిబ్బందికి ఇది ఎంత చెప్పినా ఎక్కదు. తొమ్మిది లేదా ఆరుతో మొదలయ్యే పదంకెల నంబరు చూడగానే సున్నాను పెట్టె తనంతట తానే చేర్చేలా నియమం రాయించండి, ఏడు, ఎనిమిదిలకు కూడా. బయటి కోడ్ వేరుగా తొమ్మిది పెట్టుకున్నవారికి ఈ గందరగోళం తక్కువ.

అత్యవసర నంబర్లు ఏ ఊరి నుంచి చేస్తే ఆ ఊరి లైను మీదే వెళ్లాలి. ఇది రాజీపడే విషయం కాదు. అన్ని లైన్లూ హైదరాబాద్‌లో పెట్టేసి మిగతా బ్రాంచిలకు ఫోన్లు మాత్రమే ఇస్తే ఖర్చు తగ్గుతుంది. కానీ ఒంగోలు గోదాములో ఎవరికో దెబ్బ తగిలి 108 కొడితే ఆ కాల్ హైదరాబాద్ లైను మీదుగా తెలంగాణ కంట్రోల్ రూముకు చేరుతుంది. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ సేవ ఇప్పుడు రెండు రాష్ట్రాలలో వేర్వేరుగా నడుస్తోంది. అవతలివారు ఏ ఊరు, ఏ మండలం అని అడిగి, మళ్లీ ఇటు మళ్లించేసరికి విలువైన సమయం పోతుంది. ప్రతి బ్రాంచిలో కనీసం ఒక స్థానిక లైను ఉంచండి.

ఆ లైను ఇంకో పనికి కూడా వస్తుంది. అందరినీ ఒకే సర్వర్ కింద పెట్టిన చోట, ఇంటర్నెట్ పోతే బ్రాంచిలోని ఫోన్లన్నీ మూగబోతాయి, పక్క గదికి కూడా మాట్లాడలేరు. బ్రాంచిలో ఒక చిన్న గేట్‌వే (ఐపీ వైపునూ మామూలు టెలిఫోన్ లైన్లనూ కలిపే పెట్టె) ఉండి, సర్వర్ అందనప్పుడు ఫోన్లు దానికి మళ్లేలా పెడితే స్థానిక కాల్స్, ఆ ఒక్క బయటి లైను నడుస్తాయి. కరెంటు సంగతీ చూడండి. ఐపీ ఫోనుకు కరెంటు నెట్‌వర్క్ స్విచ్ (ఫోన్ల నెట్ తీగలన్నీ కలిసే పెట్టె) నుంచి వస్తుంది, కాబట్టి స్విచ్‌కూ రౌటర్‌కూ ఫైబర్ మోడెమ్‌కూ మూడింటికీ యూపీఎస్ ఉండాలి. మోడెమ్‌ను మర్చిపోయిన ఆఫీసులు నేను చాలా చూశాను. ఫోన్ల తెరలు వెలుగుతూనే ఉంటాయి, కాల్ మాత్రం వెళ్లదు.

ఇంటర్నెట్ వేగం గురించి మీరు ఆందోళన పడుతున్నారు గాని అది అంత పెద్ద సమస్య కాదు. జీ.711 అనే మామూలు పద్ధతిలో మాట సెకనుకు 64 కిలోబిట్లు, పైన చుట్టే శీర్షికలతో కలిపి 87 దాకా, వీపీఎన్ (ఇంటర్నెట్ మీద బ్రాంచిల మధ్య రహస్య దారి) కూడా ఉంటే నూరుకు పైన అనుకోండి. ఒకేసారి పది కాల్స్ నడిచినా ఒక్కో దిశలో ఒకటి, ఒకటిన్నర మెగాబిట్ చాలు. ఈ రోజుల్లో ఫైబర్ ఉన్న చోట కుదింపు కోసం జీ.729 వాడాల్సిన అవసరం నాకు కనిపించదు. ఆలస్యం కూడా ఒక దిశలో 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం జీ.114 చెబుతుంది, గుంటూరు, హైదరాబాద్ మధ్య మామూలుగా అందులో చిన్న భాగమే పడుతుంది. మాట పాడయ్యేది అప్‌లోడ్ దగ్గర. సాయంత్రం టాలీ బ్యాకప్ పైకి వెళుతుంది, సీసీ కెమెరాల దృశ్యాలు ఇంట్లో ఉన్న యజమాని సెల్‌కు వెళుతుంటాయి, అప్పుడే మాట ముక్కలు ముక్కలవుతుంది. మాట ప్యాకెట్లకు డీఎస్‌సీపీ 46 అనే ప్రాధాన్యపు గుర్తు వేసి, మీ రౌటర్ బయటికి పంపే వైపున వాటికి మొదటి వరుస ఇవ్వండి. మామూలు ఇంటర్నెట్ మీద ఆ గుర్తును మధ్యలో ఎవరూ పట్టించుకోరు, అయినా ఇరుకు ఉండేది మీ గుమ్మం దగ్గరే కాబట్టి చాలావరకు సరిపోతుంది. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే మీట (సిప్ సందేశాలను మధ్యలో మార్చేది) ఉంటే ఆపేయండి. ఒకవైపు మాట వినిపించి రెండోవైపు వినిపించకపోవడానికి నేను మొదట వెతికేది దాన్నే.

పీబీఎక్స్‌ను మాత్రం నేరుగా ఇంటర్నెట్ ముందు నిలబెట్టకండి. సిప్ వాడే 5060 పోర్టు తెరిచి ఉన్న పెట్టెను వెతికే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. బలహీనమైన పాస్‌వర్డు ఉన్న ఒక్క ఎక్స్‌టెన్షన్ దొరికితే సెలవు రోజుల్లో విదేశాలకు కాల్స్ పోతాయి, బిల్లు మీరు కట్టాలి. బ్రాంచిల మధ్య వీపీఎన్ పెట్టండి, ఐఎస్‌డీ అవసరం లేని లైన్ల మీద దాన్ని టెలిఫోన్ కంపెనీ దగ్గరే మూసేయించండి.

నిబంధనల మాట. మన దేశంలో కంపెనీ అంతర్గత ఐపీ నెట్‌వర్కును బయటి టెలిఫోన్ లైన్లతో కలపడం మీద చాలా కాలంగా ఆంక్షలున్నాయి. పాతరోజుల్లో ఎస్‌టీడీ చార్జీ ఎగ్గొట్టడానికి, హైదరాబాద్ కాల్‌ను నెట్ మీద తీసుకెళ్లి అక్కడి స్థానిక లైను మీద దింపేవారు, దాన్ని ఆపడానికి వచ్చినవి ఇవి. పెద్ద పీబీఎక్స్‌లలో కనిపించే "లాజికల్ పార్టిషనింగ్" అనే అమరిక మన దేశం వంటి చోట్ల ఈ రకం నిబంధనల కోసమే ఉంది. టెలికాం శాఖ 2020 నవంబరు, 2021 జూన్ మార్గదర్శకాలు కాల్ సెంటర్ల తరహా సంస్థలకు చాలా సడలింపు ఇచ్చాయి. మీది కాల్ సెంటర్ కాదు, మామూలు వ్యాపారం. ఒక ఊరి లైను మీద వచ్చిన బయటి కాల్‌ను మరో ఊరి బ్రాంచికి నెట్ మీద పంపవచ్చా, ఏ పద్ధతిలో పంపవచ్చు అన్నది మీకు లైన్లు ఇచ్చే కంపెనీ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట సరిపోదు. ఇక బ్రాంచి ట్రంకు మీద నుంచి వచ్చిన కాల్ మరో ఊళ్లో బయటి లైను పట్టుకోవడాన్ని పూర్తిగా మూసేయండి. ఎస్‌టీడీ ఇప్పుడు ప్లాన్లలోనే కలిసి వస్తోంది, దానితో మిగిలేదేమీ లేదు.

ఇప్పుడు మీ ఒంగోలు పాత పెట్టె. దానికి ఐపీ కార్డు లేకపోతే గేట్‌వే పెట్టి అనలాగ్ పోర్టుల ద్వారా కలుపుతామంటారు. రెండు పోర్టులంటే ఒకేసారి రెండే కాల్స్. పేరు కనిపించదు. అన్నిటికన్నా విసుగు పుట్టించేది, మాట్లాడటం అయిపోయి ఫోను పెట్టేసినా పాత పెట్టె ఆ సంగతి గేట్‌వేకు చెప్పదు. గేట్‌వే బిజీ టోను విని తెలుసుకోవాలి, ఆ టోను కొలతలు సరిగా కుదరకపోతే లైను గంటల తరబడి పట్టుకునే ఉంటుంది. సిబ్బంది పెట్టెను ఆపి మళ్లీ వేయడం రోజువారీ పని చేసుకుంటారు. అక్కడ ఉన్నవి ఎనిమిదో పదో ఫోన్లంటున్నారు కాబట్టి ఆ పెట్టెను తీసేసి, ఐపీ ఫోన్లు ఇచ్చి, హైదరాబాద్ సర్వర్ కింద చేర్చండి. గేట్‌వేకు పెట్టే డబ్బు వృథా.

నేనైతే మొదటి విడతలో ఒంగోలునూ గుంటూరు ఆపరేటర్ బల్లనూ హైదరాబాద్ ఐపీ పీబీఎక్స్ కిందికి తెస్తాను, ముందుగా దాని ఎక్స్‌టెన్షన్ల, ఏకకాల కాల్స్ లైసెన్సు సరిపోతుందో చూసుకుని. ఆపరేటర్‌కు హైదరాబాద్, ఒంగోలు దీపాలు కనిపిస్తాయి. గుంటూరు, విజయవాడ పెట్టెలు ఒకే కంపెనీవి కాబట్టి ప్రస్తుతానికి ట్రంకుతో కలిపి ఉంచి, పాడైనప్పుడు మార్చుకోవచ్చు. అప్పటిదాకా ఆ రెండు చోట్లకు కాల్స్, ట్రాన్స్‌ఫర్లు నడుస్తాయి, దీపాలు ఉండవు. వాయిస్‌మెయిల్ కోసం ఒక్క రూపాయి కూడా పెట్టకండి, మన వ్యాపారాల్లో ఎవరూ వినరు. మిస్డ్ కాల్స్ జాబితా రోజూ ఆపరేటర్‌కు వచ్చేలా చేస్తే అంతకన్నా ఉపయోగం.

అడ్వాన్సు ఇచ్చే ముందు అమ్మకందారును రెండు బ్రాంచిల మధ్య మీ కళ్ల ముందు కొన్ని పనులు చేసి చూపించమనండి: బయటి కాల్‌ను పక్క ఊరికి ట్రాన్స్‌ఫర్ చేశాక అక్కడి తెర మీద కస్టమర్ నంబరు వస్తోందా, ఆపరేటర్ నంబరే నిలిచిపోతోందా, కాల్ నడుస్తుండగా రౌటర్ తీగ పీకి పెడితే దీపాలు ఎంతసేపటికి సర్దుకుంటున్నాయి, నెట్ లేనప్పుడు బ్రాంచి నుంచి బయటికి కాల్ వెళుతోందా. ఇవి "తర్వాత చూపిస్తాం" అంటే, ఆ సౌకర్యాల పేర్లు కొటేషన్‌లో ఒక్కొక్కటిగా రాయించి, పనిచేయకపోతే చివరి వాయిదా ఇవ్వనని షరతు పెట్టండి.

గుంటూరు, విజయవాడ పెట్టెల మోడల్ నంబర్లు, ప్రతి చోటా ఉన్నవి మామూలు లైన్లా, పీఆర్‌ఐనా, సిప్ ట్రంకా అన్నది ఇక్కడ రాయండి. ఆ పెట్టెలకు ఐపీ కార్డు దొరుకుతుందో లేదో, కొనడం లాభమో కాదో అప్పుడు చెబుతాను.